గ్రీన్ టీ: మేలు ఎంత, తాగవలసిన వేళ ఏది?

సంపాదకులకు నమస్కారం.

గ్రీన్ టీ వల్ల కలిగే మేలును గురించి పత్రికల ఆరోగ్య పుటల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో చాలా మాటలు నిజమే అయినా, ఎంత మేలు, ఎవరికి, ఏ వేళలో అన్న సంగతులను అవి దాటవేస్తున్నాయని నా అభిప్రాయం.

కోసిన తేయాకును వెంటనే ఆవిరిపట్టి గానీ, బాణలిలో వేయించి గానీ నల్లబడకుండా ఆపుతారు కాబట్టి, మామూలు టీ పొడి తయారీలో చాలా వరకు మారిపోయే కాటెచిన్లు (మేలు చేస్తాయని చెప్పే సహజ పదార్థాలు) గ్రీన్ టీలో నిలిచి ఉంటాయి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ల వయసున్న 40,530 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఐదు కప్పులో అంతకు మించో తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో సంభవించే మరణాలు తక్కువగా ఉన్నాయని, ఈ తేడా మహిళల్లో మరింత స్పష్టమని తేలింది. క్యాన్సర్ మరణాల్లో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. ఇక బరువు సంగతికి వస్తే, వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కొక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష ప్రకారం తగ్గేది చాలా స్వల్పం. రెండు చెంచాల తేనె కలుపుకొని తాగేవారికి అదీ దక్కదేమో!

మన దగ్గర అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పవలసింది రక్తహీనత గురించి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పప్పు, ఆకుకూరలు, రాగుల నుంచి లభించే ఇనుము అసలే శరీరానికి తక్కువగా అందుతుంది. భోజనంతో పాటు టీ తాగితే, అది గ్రీన్ టీ అయినా సరే, అందులోని పాలిఫినాల్స్ (కాటెచిన్లు ఈ కోవకు చెందినవే) ఆ కాస్త ఇనుమునూ శరీరానికి అందకుండా పట్టి ఉంచుతాయి. అందుకే భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు తాగవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. అన్నం తినగానే అరుగుదలకు మంచిదని గ్రీన్ టీ తాగే గృహిణులకు, ఐరన్ మాత్రలు వేసుకునే గర్భిణులకు ఈ సూచన చేరడం లేదు.

గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రల విషయం వేరు. వాటి ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ అనే కాటెచిన్ తీసుకుంటే రక్తంలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని, అది కాలేయం దెబ్బతింటోందనడానికి సూచన కావచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

ఇకపై గ్రీన్ టీ గురించి వ్యాసం వేసినప్పుడల్లా, భోజనానికి గంట ఎడం పాటించాలన్న సూచనను ఒక్క వాక్యంలోనైనా చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం