ఒంటరి యాత్రల వార్తల్లో అదృష్టానికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లా యువకులు మోటారు సైకిలు మీద ఒంటరిగా నేపాల్ వెళ్లివచ్చిన వార్తలు జిల్లా పేజీలలో తరచుగా కనిపిస్తున్నాయి. మెడలో పూలదండ, చుట్టూ మిత్రులు, పైన ‘సాహసయాత్ర’ అనే శీర్షిక. ఆ సాహసాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే కావలి నుంచి కాఠ్‌మాండూకు ఒక్కడినే బండి మీద వెళ్లివచ్చినవాడిని గనుక, ఆ వార్తలలో ప్రయాణికుడి ధైర్యమే తప్ప అతనికి కలిసివచ్చిన సంగతి ఒక్కటీ లేకపోవడం నాకు వెలితిగా తోస్తున్నది.

నాగపూర్ దాటి సివని వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పెంచ్ అడవి గుండా సాగుతుంది. జంతువులు కిందుగా దాటేందుకు అక్కడ రోడ్డును పలుచోట్ల వంతెనల మీదికి ఎత్తి, వాహనాల వెలుతురు, చప్పుడు అడవిలోకి పోకుండా పక్కల అడ్డుగోడలు కట్టారు. పొద్దుగూకిన తరువాత సరిగ్గా ఆ గోడల నడుమనే నా బండి హెడ్‌లైటు మాడిపోయింది. వెనుక వస్తున్న లారీ నెమ్మదించింది, నంబరు ప్లేటు మీది ‘ఏపీ’ చూసి కాబోలు, డ్రైవరు తల బయటపెట్టి, “మనదేవూరన్నా?” అని కేకవేశాడు. గూడూరు నుంచి ఢిల్లీకి నిమ్మకాయలు తోలుకుపోతున్నాడట. “నువ్వు ముందు పో, నేను లైటేస్తా” అని సివని చేరేదాకా నా బండి వేగానికే తన లారీని కట్టేసుకున్నాడు. నిమ్మలోడు ఆలస్యమైతే ఎవరికి ఎంత నష్టమో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆ రాత్రి అతడు పది నిమిషాలు ముందుగా పోయి ఉంటే నా సాహసం ఏమయ్యేదో!

నేపాల్‌లోకి ప్రవేశించే సునౌలి సరిహద్దులో ఓటరు కార్డు అడిగారు. ఎన్నికలనాటి నుంచి అది పర్సులోనే ఉండిపోవడం వల్ల బయటపడ్డాను.

అన్నింటికంటె పెద్ద అదృష్టం టైరు పంక్చరు కావడం. నేపాల్‌లోని నారాయణ్‌ఘాట్‌లో ఒక కుర్రవాడు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ వచ్చినచోట సుద్దముక్కతో గుర్తుపెట్టి, తీరిగ్గా రుద్ది అతికిస్తుంటే లోలోపల విసుక్కుంటూ కూర్చున్నాను. ఆ పని పూర్తికాక ముందే, కాఠ్‌మాండూకు నేను పోవలసిన ముగ్లింగ్ దారిలో కొండచరియ జారి రోడ్డు మూసుకుపోయిందన్న కబురు వచ్చింది. ఊరికి వచ్చాక ఈ సంగతి విన్నవారందరూ దేవుడు కాపాడాడన్నారు. అదే దారిలో 2024 జులై 12న సిమల్‌తాల్ వద్ద కొండచరియ రెండు బస్సులను త్రిశూలి నదిలోకి తోసివేసింది. వాటిలోని వారు నాకంటె ఏం తక్కువ పుణ్యం చేసుకున్నారని? అందుకే ఆ మాటకు తల ఊపలేకపోయాను.

అదృష్టం చేతిలో లేనప్పుడు, చేతిలో ఉన్నవాటినైనా పత్రికలు చెప్పాలి. నేపాల్‌కు మనకు వీసా అక్కరలేకపోయినా పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని దగ్గర ఉండాలనీ, పదిహేను నుంచి అరవై అయిదేళ్ల మధ్య వయసు వారికి ఆధార్ చాలదనీ ఎంతమందికి తెలుసు? సరిహద్దు దాటగానే ‘భన్సార్’ అనే కస్టమ్స్ కార్యాలయంలో, ఉండదలచిన రోజులకు లెక్కకట్టి బండికి రుసుము చెల్లించాలి. మన బండి బీమా నేపాల్‌లో దానంతట అది వర్తించదు. అదనపు ప్రీమియం కట్టి ఆ దేశానికి పొడిగించుకోవాలి. వానాకాలంలో ముగ్లింగ్ దారి ఎప్పుడు మూతపడుతుందో చెప్పలేం గనుక, చేతిలో రెండు రోజులు అదనంగా ఉంచుకోవడం మంచిది. దండ వేసిన ఫొటో పక్కన ఈ నాలుగు ముక్కలకు కాస్త చోటు ఇవ్వవలసిందిగా, వెళ్లివచ్చిన వారిని ‘దారిలో మీకు ఎవరు సాయపడ్డారు?’ అని కూడా అడగవలసిందిగా మీ విలేకరులకు సూచించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.