ఫ్రిజ్ నిజమైతే సరిపోయిందా?

సంపాదకుల వారికి,

నాటక పోటీల మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తకు ఇది జవాబు. బహుమతి కొట్టిన కుటుంబ నాటకం ‘మధ్యతరగతి బతుకును కళ్లకు కట్టింది’ అని రాశారు. కళ్లకు కట్టింది గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, గోడ మీది క్యాలెండర్. మరి మనుషులో?

దేవరకొండ దగ్గరి ఇల్లని మొదటి సీన్లోనే చెప్పిన్రు. ఇంటిల్లిపాదిదీ గుంటూరు యాస! ‘నాయినా’ అనాల్సిన కొడుకు ‘నాన్నగారండీ’ అంటాడు. మన మాట దక్కింది బాసన్లు తోమే ఆమెకొక్కదానికే, అదీ జనాన్ని నవ్వించడానికి. దీన్ని వాస్తవికత అన్న జడ్జీలకు దండం పెట్టాలి.

అసలు నష్టం తండ్రి పాత్రకు జరిగింది. మూతపడ్డ బట్టల దుకాణం రేపోమాపో తెరుస్తానని నమ్ముకున్న మనిషి. ఆయన పాత రోజుల్లోకి పోయినప్పుడల్లా నీలం లైటు, పొగ, వయొలిన్. చూసేవాళ్లకు అర్థమయ్యేది, పెద్దమనిషికి మతి తప్పిందని. భ్రమలో ఉన్నవాడికి అది భ్రమని తెలియదు కదా! ఖాతా పుస్తకం తీసి, ఎవరు ఎన్ని మీటర్లు ఉద్దెర తీసుకపోయిన్రో దుకాణంలో చెప్పినట్టే మామూలు గొంతుతో చదవాలి. గొంతు వణికించిండంటే పాత్ర పోయి నటుడు మిగులుతాడు.

1949లోనే అమెరికా నాటకకర్త ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ నాటకంలో దీనికి దారి చూపిండు. అందులో స్టేజీ మీది ఇల్లు వట్టి చట్రం. ఇప్పటి కథ నడిచేటప్పుడు లేని గోడను ఉన్నట్టే ఎంచి తలుపులోంచే రావాలి. గతంలోకి పోతే గోడలోంచే ముందుకు నడిచి వస్తారు. అక్కడా వేణువుంది, ఆకుల నీడలున్నాయి, కానీ అసలు పని చేసేది ఆ గోడే. మనకు ఒక తెల్ల టేపు చుట్ట చాలు. రిహార్సల్ మొదటిరోజే నేల మీద గోడలు, గడపలు గీయాలి. నెల తిరిగేసరికి టేపు పీకేసినా కాళ్లు తప్పవు. ఆఖరి రెండు రోజుల్లో గీస్తే ఒకరు తలుపులోంచి, ఒకరు గోడలోంచి వచ్చి అంతా ఆగమైతది.

ఇక ముగింపు. ఐదు నిమిషాల్లో కోడలు మారింది, కొడుకు మారిండు, బాకీలు తీరినయ్! 1879లో నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’లో ఇల్లాలు నోరా మొగుణ్ని, పిల్లల్ని వదిలి ఇల్లు విడిచిపోతుంది. పిల్లల్ని వదిలిపోయే పాత్ర చేయనని జర్మనీ నటి మొండికేస్తే, ఇంకెవరో పాడు చేస్తారేమోనని ఇబ్సెన్ తానే నోరా ఆగిపోయే ముగింపు రాసిచ్చి, దాన్ని అఘాయిత్యమని తిట్టుకున్నడు. మనోళ్లను ముగింపు మార్చమని అడిగినవాళ్లు లేరు, మారుస్తుంటే ఆపినవాళ్లు లేరు.

తప్పంతా కళాకారులదే అననుగానీ, వాళ్లకిచ్చిన హాలు చూడండి. వెలుగు మెల్లగా తగ్గించి పెంచే డిమ్మర్ లేదు, లైటు వేసుడు, ఆర్పుడు, అంతే. మైకులన్నీ స్టేజీ అంచునే ఉంటే, వంటింట్లో గుసగుసగా చెప్పాల్సిన మాట ఆ తల్లి ముందుకొచ్చి అరవక ఏం చేస్తుంది? మంత్రిగారి సభ అంటే రాత్రికి రాత్రే పెద్ద తెర దిగుతది. నాటకానికి రెండు డిమ్మర్లు, పైనుంచి వేలాడే నాలుగు మైకులు అడిగితే ‘ఫండ్స్ లేవు, దరఖాస్తు ఇచ్చిపోండి’ అంటారు. ఇచ్చిన దరఖాస్తులు ఏ బీరువాలో ఉన్నాయో మీ విలేకరి ఒకసారి కనుక్కుంటే మేలు.

– ఒక నాటకాభిమాని, రామగిరి, నల్లగొండ