మాస్టారి స్మారక నిధి: జమా ఖర్చుల వివరణ

పూర్వ విద్యార్థులకు, దాతలకు, మాస్టారితో పనిచేసిన ఉపాధ్యాయులకు నమస్కారం. మన బడిలో స్కౌట్లను నడిపిన మాస్టారి జ్ఞాపకార్థం పెట్టిన ఈ నిధికి 2025 డిసెంబర్ 31 వరకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు కింద ఇస్తున్నాం. వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ మేమూ చదువుతూనే ఉన్నాం. "విగ్రహం డబ్బు ఏమైంది?" అని అడుగుతున్నవాళ్లలో సగం మంది చందా కట్టినవాళ్లే. వాళ్లకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మాకుంది. మిగతా సగం సంగతి చివర్లో.

జమ:
బ్యాంకు ద్వారా వచ్చిన విరాళాలు రూ. 4,86,500
రసీదు పుస్తకాల మీద నగదు రూ. 1,12,300
ఉపాధ్యాయ మిత్రులు కలిసి ఇచ్చినది రూ. 65,000
సంస్మరణ సభ రోజు డబ్బాలో పడినది రూ. 18,740
బ్యాంకు వడ్డీ రూ. 9,260
మొత్తం రూ. 6,91,800

డబ్బాలో పడిన డబ్బు అందరి ఎదుటే లెక్కపెట్టాం. అందులో చిల్లరే ఎక్కువ. అప్పటి స్కౌట్ పిల్లలు, ఇప్పుడు ఆటో నడుపుతున్నవాళ్లూ రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తున్నవాళ్లూ, పేరు రాయించకుండా వేసి వెళ్లారు. వాళ్లకు చేతులెత్తి దణ్ణం.

ఖర్చు:
సంస్మరణ సభ (టెంటు, మైకు, భోజనాలు) రూ. 84,350
జ్ఞాపక సంచిక, 300 కాపీలు రూ. 46,000
బడిలో స్కౌట్ గది మరమ్మతు రూ. 78,600
ప్రథమ చికిత్స కిట్లు, తాళ్లు, స్ట్రెచర్లు రూ. 21,750
రసీదు పుస్తకాలు, స్టేషనరీ, బ్యాంకు చార్జీలు రూ. 4,870
విగ్రహం, దిమ్మె, రవాణా రూ. 1,95,900
ఫిక్స్‌డ్ డిపాజిట్ రూ. 2,50,000
మొత్తం రూ. 6,81,470

నిల్వ రూ. 10,330. ఇందులో బ్యాంకులో 9,110, కోశాధికారి చేతిలో 1,220.

భోజనాల ఖర్చు ఎక్కువన్నారు. నాలుగు వందల మంది వస్తారనుకుంటే ఏడు వందలు దాటారు. మాస్టారి సభకు వచ్చినవాళ్లను ఆకలితో పంపలేం కదా. స్కౌట్ గదికి బిల్లులన్నీ ఉన్నాయి. రేకులు తీసి స్లాబు లీకు బాగుచేయించాం, రెండు బీరువాలు కొన్నాం. అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఇక విగ్రహం.

సంస్మరణ సభలో నిలువెత్తు కంచు విగ్రహం సెంటర్లో పెట్టాలని చేతులెత్తి తీర్మానించింది అందరూ. కమిటీ సొంతంగా పెట్టుకున్న కోరిక కాదది. అంచనా రూ. 8,50,000. ఆ రోజు మైకులో చదివిన చందాలు రూ. 11,40,000 అయ్యాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తెనాలి వెళ్లి శిల్పికి రూ. 90,000 అడ్వాన్స్ ఇచ్చాం. అనుమతి రాకముందే అడ్వాన్స్ ఎందుకిచ్చారన్నది మొదటి ప్రశ్న. మొదటి వర్ధంతికి ఆవిష్కరించాలని మీరే అన్నారు. ముందు మట్టితో నమూనా, దాని మీద అచ్చు, ఆ తర్వాత మైనం, చివర కంచు పోత. ఇన్ని దశలున్న పనికి అడ్వాన్స్ లేకుండా ఎవరూ మట్టి ముట్టుకోరు.

సెంటర్లో స్థలానికి పెద్దలు నోటిమాటగా సరేనన్నారు. కాగితం మీదికి వచ్చేసరికి కుదరదన్నారు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. "మరి ఆ తర్వాత పెట్టినవి కనిపిస్తున్నాయి కదా?" అంటున్నారు. కనిపిస్తున్నాయి. అవి ఎలా వచ్చాయో పెట్టినవాళ్లను అడగాలి. జీవితమంతా పిల్లలకు రూల్సు నేర్పిన మనిషిని రాత్రికి రాత్రి రోడ్డు మీద నిలబెట్టడం మా వల్ల కాదు.

ఈలోగా చెయ్యి గొడవ ఒకటి. నమూనాలో మాస్టారు ఎడమ చెయ్యి ముందుకు చాచి ఉంటారు. స్కౌట్లు కరచాలనం చేసేది ఎడమ చేత్తోనే, బడిలో ఆయన మనందరికీ ఇచ్చింది ఆ చెయ్యే. ఫొటో గ్రూపులో పెట్టగానే "ఎడమ చెయ్యి చాచిన విగ్రహం ఊరికి అరిష్టం" అని ఒకరు, "కుడి చెయ్యి చేయించండి, ఖర్చు నాది" అని ఇంకొకరు. ఆ ఖర్చు తనదన్న ఆయన మొదట రాయించిన చందాయే ఇంతవరకు కట్టలేదు. మేం చెయ్యి మార్చలేదు.

స్థలం పోయింది, మైకులో చదివిన చందాల్లో సగం కూడా రాలేదు. అందుకని నిలువెత్తు ఆపి, బడి ఆవరణలో అర్ధ విగ్రహం పెట్టాలని నిర్ణయించాం. అర్ధ విగ్రహం ధర రూ. 1,15,000. ఇచ్చిన 90,000లో శిల్పి 50,000 ఇందులో సర్దాడు, మిగతా 65,000 మేం కట్టాం. నిలువెత్తు మట్టి నమూనా పనికి 40,000 పట్టుకున్నాడు. గ్రూపులో "మింగేశారు" అంటున్నది ఈ నలభై వేలనే. శిల్పి ఇచ్చిన బిల్లులో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. పైగా ఆ డబ్బు మొత్తం మట్టిపాలు కాలేదు. మనిషంత ఎత్తుకు చేసిన నమూనా తలనే ఛాతీ వరకు ఉంచి అచ్చు తీశారు. ఆ తల కోసం మాస్టారి భార్య, మన అమ్మగారు, రెండుసార్లు తెనాలి వచ్చారు. మొదటిసారి చూసి, "కళ్లజోడు ముక్కు మీద పెట్టారేంటి బాబూ, ఆయనకెప్పుడూ నుదుటి మీదేగా ఉండేది" అన్నారు. శిల్పి అక్కడికక్కడే తడి మట్టిలో కళ్లజోడు పైకి జరిపాడు. ఇప్పుడు మీరు బడిలో చూస్తున్నది ఆ ముఖమే. అర్ధ విగ్రహం కొత్తగా మొదలుపెట్టి ఉంటే ఆ పని మళ్లీ చెయ్యాల్సి వచ్చేది, డబ్బూ మళ్లీ పెట్టాల్సి వచ్చేది. దిమ్మెకు రూ. 32,400, రవాణాకు రూ. 8,500. బడి ఆవరణలో అనుమతి కాగితం రావడానికి ఐదు నెలలు పట్టింది. అన్నాళ్లూ విగ్రహం గోనెపట్టా చుట్టుకుని స్కౌట్ గదిలోనే ఉంది. అమ్ముకున్నామన్న పుకారు పుట్టింది ఆ ఐదు నెలల్లోనే.

అమెరికా చందా గురించి కూడా అడుగుతున్నారు. అక్కడి మన పూర్వ విద్యార్థి ఒకరు రెండు లక్షలు ఇస్తానన్నారు, మేమే వద్దన్నాం. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద మన సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు, విదేశీ పౌరుడి నుంచి విరాళం తీసుకోకూడదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. "మరి దుబాయ్ నుంచి వచ్చింది తీసుకున్నారుగా?" అంటే, ఆయనది భారత పాస్‌పోర్టు. ఎక్కడ ఉన్నా భారత పౌరుడు తన సంపాదనలోంచి ఇచ్చేది ఆ చట్టం కిందికి రాదు. ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు అడిగినవారికి కూడా ఇదే చోట చెబుతున్నాం, ఆ మినహాయింపునిచ్చే 80జీ గుర్తింపు మనకు లేదు.

సంచికలో దివిసీమ ఉప్పెన గురించి పన్నెండు పేజీలు ఎందుకని ఒక ఫిర్యాదు. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత డిగ్రీ చదివే కుర్రాడిగా మాస్టారు వాలంటీర్లతో వెళ్లి శవాలు తీశారు, గుడిసెలు కట్టారు. టీచరు కావాలనుకున్నది అక్కడే అని ఆయనే చెప్పేవారు. తొంభైల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులు నడిపినప్పుడు లాంతరు కిరసనాయిలుకు ఏ ఇంటి నుంచి ఎంత వచ్చిందో రాసిన నోటు పుస్తకం ఉంది, అందులో రెండు పేజీలు ఫొటో తీసి వేశాం. ఆరోగ్యం బాగాలేకపోయినా 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలప్పుడు పులిహోర పొట్లాలు కట్టించి విజయవాడ పంపిన మనిషి. పన్నెండు పేజీలు ఎక్కువేం కాదు. ప్రకటనలు ఇస్తామన్న ముగ్గురు చివరి నిమిషంలో చేతులెత్తేయడంతో సంచిక భారం మొత్తం నిధి మీదే పడింది.

డిపాజిట్ సంఘం పేరున ఉంది, ఇద్దరి సంతకం లేకుండా కదలదు. వడ్డీతో ఏటా పదో తరగతిలో ఒక అమ్మాయికి, ఒక అబ్బాయికి పుస్తకాలు, ఫీజు. ఆ డబ్బు కూడా కలిపి విగ్రహం పెద్దది చేయించాల్సిందని అన్నవాళ్లున్నారు. అమ్మగారిని అడిగాం. పిల్లలకే ఉంచమన్నారు.

ఇప్పుడు మిగతా సగం సంగతి. సభలో చదివిన రూ. 11,40,000లో వచ్చింది 4,10,000. అమెరికా రెండు లక్షలు తీసేస్తే ఇంకా రావాల్సింది రూ. 5,30,000, నలభై ఒక్క మంది దగ్గర. పేర్లు ఇక్కడ పెట్టడం లేదు. ఎవరికి వారికి తెలుసు. ఇబ్బందుల్లో ఉండి కట్టలేకపోయినవాళ్లను మేం ఒక్క మాట కూడా అనం, ఫోన్ చేసి చెబితే జాబితా నుంచి తీసేస్తాం. కట్టకుండా లెక్కలు అడిగేవాళ్లు మాత్రం ముందు ఒప్పుకున్నది కట్టండి.

బిల్లులు, పాస్‌బుక్కు, రసీదు పుస్తకాలు ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు స్కౌట్ గదిలో ఎవరైనా చూసుకోవచ్చు. ఆరు రసీదు పుస్తకాల్లో నాలుగో నంబరుది ఇంకా మాకు తిరిగి రాలేదు, దాని మీద వసూలైన డబ్బు పై లెక్కలో కలపలేదు. ఆ పుస్తకం దగ్గర పెట్టుకున్నవారు వచ్చే ఆదివారం లోపు తెచ్చి ఇవ్వాలి. ఆ పుస్తకం మీద చందా కట్టినవారు రసీదు ఫొటో తీసి కోశాధికారికి పంపండి.

మాస్టారి స్మారక కమిటీ తరఫున,
అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి