వితండ అంటే తిట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్‌లో తత్వశాస్త్రం మీద తెలుగులో చర్చ మొదలైతే పదో కామెంటుకల్లా ఎవరో ఒకరు ఎదుటివాళ్లను 'వితండవాది' అంటారు. అక్కడితో చర్చ పోయి లొల్లి మిగులుతుంది. ఆ మాటకు మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాల్లో కచ్చితమైన అర్థం ఉంది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా అవతలి పక్షాన్ని ఖండించడం వరకే చేసేది వితండ.

అమెరికా తత్వవేత్త ఎడ్మండ్ గెటియర్ 1963లో రాసిన మూడు పేజీల వ్యాసం ఈ కొలత ప్రకారం వితండే. 'తగిన ఆధారమున్న నిజమైన నమ్మకమే జ్ఞానం' అనే నిర్వచనాన్ని ఆయన రెండు ఉదాహరణలతో పడగొట్టాడు, బదులుగా తన నిర్వచనం ఏదీ ఇవ్వలేదు. దానికి జవాబులు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. అయితే ఆయన ఖండించబోయే నిర్వచనాన్ని ముందు వరుసగా, తేడా లేకుండా రాసిపెట్టాడు. మన సాగర్‌కు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడిదీ అదే పద్ధతి. ఆయన గ్రంథం విగ్రహవ్యావర్తనిలో 70 కారికలు, అంటే శ్లోకాలుంటే మొదటి 20 ప్రత్యర్థి ఆక్షేపణలే. 'అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే, అది దేన్ని ఖండిస్తుంది?' అన్న గట్టి ప్రశ్నను తన చేత్తోనే రాసి, ఆ తర్వాతే జవాబుకు దిగాడు.

మన చర్చల్లో కొరవడింది ఇదే. న్యాయసూత్రాలు చెప్పిన 22 నిగ్రహస్థానాల్లో, అంటే ఓటమి చోట్లలో, 'అననుభాషణం' ఒకటి. ప్రత్యర్థి మూడుసార్లు చెప్పి, సభకు అర్థమయ్యాక కూడా ఆ మాటను తిరిగి చెప్పలేకపోతే ఓడినట్టే.

తిరిగి చెప్పకపోతే ఏమవుతుందో న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలోని ఉదాహరణ చూపిస్తుంది. 'ఈ పిల్లవాడు నవకంబలుడు' అని ఒకరంటారు. 'నవ' అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలు; కొత్త గొంగడి కప్పుకున్నాడని ఆయన భావం. 'తొమ్మిదెక్కడివి, ఉన్నది ఒక్కటేగా!' అని ఇంకొకరు తగులుకుంటారు. ఇది వాక్ఛలం, అంటే మాటను వేరే అర్థంలోకి తిప్పే మోసం. రెండర్థాలున్న మాటలో ఒకదాన్నే పట్టుకున్నవాడు, ఎందుకు పట్టుకున్నాడో కారణం చూపాలి. శూన్యత అంటే దేనికీ సొంతంగా నిలిచే స్వభావం లేదని నాగార్జునుడి భావం. దాన్ని 'ఏమీ లేదు' అని తీసుకుని 'అయితే సాగర్ డ్యామ్ కూడా లేదా?' అనడం ఈ గొంగడి లెక్కే.

నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో వక్తృత్వ పోటీలకు తోడు ఇలాంటి చర్చ ఒకటి పెట్టాలి. జవాబిచ్చేవారు ముందుగా ఎదుటివారి పక్షాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. 'అవును, నేనన్నది ఇదే' అని ఎదుటివారు ఒప్పుకున్నాకే ఖండన మొదలుపెట్టాలి. మూడు ప్రయత్నాల్లోనూ ఒప్పించలేకపోతే ఆ విడత పోయినట్టే. కుదిరిందా లేదా అన్నది సభ చెప్పాలి. లేకపోతే ఎదుటివారు మొండిగా 'కాదు' అంటూనే గెలవచ్చు. ఖండించేవారు సొంత సిద్ధాంతం ఇవ్వలేదని మాత్రం మార్కులు కోయకూడదు.

మీ చర్చావేదిక పేజీలోనూ జవాబు వ్యాసాలకు ఈ షరతు పెట్టి చూడాలని కోరుతున్నాం.

– తత్వశాస్త్ర అధ్యాపకులు కొందరు, నల్లగొండ