టీచర్లు కూడా నేర్చుకోవాలి కదండీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతి బాగా జరిగిందనుకుంటాను. ఈ నెల ఉత్తరం కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి. పండగ సెలవులు అయినప్పటి నుంచీ తరగతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ నడుస్తోందని నాకు తెలుసు. (నేను ఆ గ్రూపుల్లో లేను. అయినా అక్కడ పెట్టిన ప్రతి మెసేజ్ పావుగంటలో నా ఫోన్‌కి వచ్చేస్తుంది, ఎవరు పంపుతారో మాత్రం అడక్కండి.)

జరిగింది ఇదీ. డిసెంబరులో మన సైన్స్, సోషల్ టీచర్లు నలుగురిని ఖగోళం, అంతరిక్షం, వాతావరణ మార్పుల మీద టీచర్ల కోసం పెట్టిన శిక్షణకు పంపాను. తిరిగొచ్చాక సైన్స్ మేడమ్ ఏడో తరగతిలో, "చంద్రుడు పెరగడం, తరగడం భూమి నీడ వల్లే అని మీకు చెప్పాను, అది తప్పు, నోటుబుక్‌లో కొట్టేసి మళ్ళీ రాసుకోండి" అన్నారు. పిల్లలు ఇంటికొచ్చి చెప్పారు. ఇక మొదలు: టీచర్‌కే రాకపోతే మా పిల్లలకేం వస్తుంది, ఇన్నిన్ని ఫీజులు కట్టేది ఇందుకేనా, పైగా పరీక్షల ముందు వారం రోజులు క్లాసులు వదిలేసి ఆ ట్రైనింగ్ ఏంటి అని.

నేను ఆవిడ పక్షమే, ముందే చెప్పేస్తున్నా. మొన్న ఫీజు కౌంటర్ దగ్గర క్యూలో ఉన్న కొందరు పేరెంట్స్‌ని ఇదే ప్రశ్న అడిగాను. అందులో ఇంజినీర్లున్నారు, డాక్టరుగారొకరు ఉన్నారు, అందరూ తడుముకోకుండా భూమి నీడే అన్నారు. భూమి నీడ చంద్రుడి మీద పడితే అది గ్రహణమండీ, పౌర్ణమి నాడు తప్ప రాదు. చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది, ఆ వెలిగే సగంలో మనకెంత కనబడుతుందన్నదే రోజురోజుకీ మారుతుంది. శిక్షణలో ఇది బోర్డు మీద రాసి చెప్పలేదట. చీకటి గదిలో ఒకే ఒక బల్బు పెట్టి, పెన్సిలుకి గుచ్చిన తెల్ల బంతి ఒక్కొక్కరి చేతికిచ్చి, చెయ్యి చాచి పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగమన్నారట. బంతి మీద సన్నని వంక మొదలై, సగమై, నిండుగా వెలిగి మళ్ళీ తగ్గుతుంటే ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాళ్ళు కూడా నోరు తెరిచి చూశారని మా సోషల్ సార్ చెప్పారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మనం స్వెటర్లు వేసుకునే జనవరి మొదటి వారంలోనే అన్నిటికంటే దగ్గర, దాదాపు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు, జులై మొదట్లో 15 కోట్ల 21 లక్షలు. కాలాలు మారేది భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరగడం వల్ల. ఓజోన్‌కి చిల్లు పడి అందులోంచి ఎండ వచ్చి భూమి వేడెక్కుతోందని రాసే పిల్లలకైతే లెక్కే లేదు. అది వేరే సమస్య. వేడెక్కడానికి ముఖ్య కారణం మనం బొగ్గు, పెట్రోలు కాల్చి గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్, అది పరిశ్రమలు రాకముందు పది లక్షల పాళ్ళలో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఇంచుమించు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, వాన దంచినప్పుడు అదంతా మన నెత్తినే. 2020 అక్టోబరు 13 రాత్రి మన హైదరాబాదు వరదల్లో నీళ్ళు ఇంట్లోకొస్తే ఫ్రిజ్ మంచం మీదికెక్కించిన కుటుంబాలు మన స్కూల్లోనే ఉన్నాయి. ఆ ఒక్క వానకి మొత్తం కారణం ఇదేనని ఎవరూ అనట్లేదు, నాలాలు పూడ్చి ఇళ్ళు కట్టుకున్న సంగతి కూడా ఉంది కదా. కానీ ఆ రెండూ విడదీసి చెప్పగలిగే టీచర్ కావాలా వద్దా?

అసలు ఈ ఊళ్ళో ఉండి ఆకాశం గురించి తెలియకపోవడమే నాకు కడుపుమంట. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ సొంత డబ్బుతో టెలిస్కోపు తెప్పించి మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ మనది. తర్వాత బేగంపేటలో కూర్చుని, ప్రపంచంలోని ఇరవై దాకా అబ్జర్వేటరీలు కలిసి ఆకాశాన్ని పంచుకుని చేసిన నక్షత్రాల జాబితాలో మన వంతు లక్షల నక్షత్రాలు లెక్కకట్టారు. రంగాపూర్‌లో ఉస్మానియావాళ్ళ 48 అంగుళాల టెలిస్కోపు ఉంది, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో అక్కడికి వస్తే మనవాళ్ళు తలుపులు బిడాయించుకుని ఇంట్లో కూర్చున్నారు! సునామీ హెచ్చరికలు వెళ్ళేది ప్రగతినగర్ నుంచి. పోనీ ఇవన్నీ వదిలేయండి, మృగశిర కార్తె అనగానే చేప మందుకి క్యూ కడతాం, ఆ మృగశిర ఎక్కడుందో ఎవరికైనా చూపించమనండి. కార్తె నాడు సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరే ఉంటాడు కాబట్టి జూన్‌లో కనబడదు, ఇప్పుడు సాయంత్రం తూర్పున ఓరియన్ అనే నక్షత్ర మండలం తల దగ్గర చూడండి. అందుకే చెబుతున్నా, వచ్చే ఏడాది ఇంకో నలుగురిని పంపుతాను.

దీని ఫలితం అప్పుడే కనబడుతోంది. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు (పేర్లు వద్దన్నారు, సరే) గ్రౌండ్‌లో మీటరు కర్ర పాతి ఐదేసి నిమిషాలకొకసారి సుద్దతో నీడ గుర్తు పెట్టారు. అతి చిన్న నీడ 78 సెంటీమీటర్లు, అదీ 12కి కాదు, 12.25 దాటాక. "సార్, గడియారం తప్పా, సూర్యుడు తప్పా?" అని సోషల్ సార్‌ని అడిగారు. మన గడియారం నడిచేది కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, అక్కడికంటే మనకు 16 నిమిషాలు ఆలస్యం. మిగతా పది నిమిషాల సంగతి సార్ శిక్షణలో చెప్పినవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుని మర్నాడు చెప్పారు. నాకైతే ఆ ముగ్గురినీ అసెంబ్లీలో నిలబెట్టి ఊరంతా వినేలా చప్పట్లు కొట్టించాలనిపించింది, కొట్టించాను కూడా. మే 9న మధ్యాహ్నం 12.12కి మన ఊళ్ళో నిలువు కర్రకి నీడే ఉండదు, సెలవులైనా ఆ రోజు వచ్చి కొలుస్తామంటున్నారు.

ఇక మీ వైపు సంగతి, కోపం తెచ్చుకోకండి. సెలవుల్లో రోజూ చంద్రుణ్ణి చూసి బొమ్మ గీయమని ఏడో తరగతికి చెప్పాం. చాలా డైరీల్లో రంగు ప్రింట్లు అతికించి ఉన్నాయి, కింద రాత అమ్మదో నాన్నదో తెలిసిపోతూనే ఉంది. ఒకదాంట్లో అమావాస్య నాడు నెలవంక! ఇంకోదాంట్లో నెలవంక నిటారుగా నిలబడి ఉంది, మన దగ్గర ఈ నెలల్లో అది పడవలా వాలి ఉంటుందండీ, అది ఎవరో యూరప్‌లో తీసిన ఫోటో. పిల్లాడు వంకరగా గీసినా పర్వాలేదు, దయచేసి మీరు గీయకండి. "మా అపార్ట్‌మెంట్‌లో డాబాకి తాళం వేస్తారు మేడమ్" అని పదకొండు మంది రాశారు, అసోసియేషన్‌తో మాట్లాడి ఒక్క అరగంట తీయించలేరా? రాత్రి ఒంటిగంట దాకా పిల్లల చేతిలో ఫోన్ ఉంచి, పొద్దున మొదటి పీరియడ్‌లో నిద్రపోతున్నాడని మాకు చెప్పడం కూడా ఇక చాలు.

మిగతావి: మూడో టర్మ్ ఫీజు ఈ నెల 31లోపు, యాన్యువల్ డే డ్రెస్ కొలతలు సోమవారం, గేటు ముందు డబుల్ పార్కింగ్ వద్దు, వెయ్యిసార్లు చెప్పాను.

ఫిబ్రవరి రెండో శనివారం సాయంత్రం 6.30 నుంచి 8.30 దాకా స్కూలు డాబా మీద ఆకాశ దర్శనం, చెప్పేది ఆ సైన్స్ మేడమే. పెద్దలూ రావచ్చు. దోమలుంటాయి కాబట్టి ఫుల్ చేతుల బట్టలు వేసుకోండి, ఫోన్ టార్చ్‌లు వెలిగించకండి, పిల్లల్ని అడిగిన ప్రశ్నకి వెనకనుంచి మీరు జవాబు అందించకండి.

మీ ప్రిన్సిపాల్