ఎం-బుక్కు దగ్గర నీ విశ్వాసం

చిట్టితల్లీ,

ప్రభువు నీకు తోడై ఉండునుగాక.

ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) నీకు మొదటి సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు అప్పగించారని విన్నప్పటినుంచి నా మనసు దానియేలు 6వ అధ్యాయం మీదికే పోతోంది. ఆ అధ్యాయం అనగానే అందరం సింహాల గుహ దగ్గరికి వెళ్లిపోతాం. మొదటి నాలుగు వచనాలు నెమ్మదిగా చదువు. 120 మంది అధిపతులు, వాళ్ల పైన ముగ్గురు ప్రధానులు, ఆ ముగ్గురిలో దానియేలు ఒకడు. రాజుకు నష్టం రాకుండా ఆ 120 మందీ ఈ ముగ్గురికి లెక్క అప్పజెప్పాలి. అంటే దానియేలుది లెక్కలు చూసే ఉద్యోగం. పనిలో తప్పు దొరక్కనే శత్రువులు ఆయన ప్రార్థన మీద పడ్డారు. లెక్కల్లో తేడా ఉండి ఉంటే వాళ్లకు ఆయన ప్రార్థన చేసే కిటికీ దాకా వెళ్లే అవసరమే ఉండేది కాదు.

నీకు ఆ లెక్క ఎం-బుక్కు, అంటే పని కొలతలు రాసే పుస్తకం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మి.మీ. మందం అంటే 45 ఘనపు మీటర్లు. 120 మి.మీ. మందమే పోసి 150 అని రాస్తే 9 ఘనపు మీటర్లు కాగితం మీదే ఉంటాయి. ఎం20 రకం కాంక్రీటు మిక్సుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల లెక్కన, 72 బస్తాల సిమెంటు ఆ ఊరికి చేరనట్టే. సామెతలు 11:1లోని దొంగత్రాసు కిరాణా కొట్టులోనే ఉండదమ్మా, టేపులోనూ ఉంటుంది.

మోసం అంచున కనపడదు. అంచున షట్టరింగ్ (కాంక్రీటును ఆపే పక్క పలకలు) సరిగ్గా 150 ఉంటుంది, మధ్యలో మట్టిని ఎత్తుగా వదిలేస్తారు. కాంక్రీటు పడ్డాక కోర్ తీస్తే, అంటే రోడ్డును తొలిచి ముక్క తీసి చూస్తే తప్ప బయటపడదు. అందుకని పోతకు ముందే ఈ షట్టరు నుంచి ఆ షట్టరుకు దారం లాగి, క్యాంబర్ (రోడ్డు మధ్యలో ఉంచే ఎత్తు) లెక్క కలుపుకుని, మధ్యలోనూ రెండు పక్కలా లోతు చూడు. పది మీటర్లకోసారి చూడు. తక్కువ వస్తే మట్టి తీయించడం గంట పని. పోశాక అయితే పెద్ద గొడవ. ఆలస్యంగా కొలిచినవాళ్లకే ఎక్కువ ధైర్యం కావలసివస్తుంది.

కాంక్రీటు బలం పరీక్షించే క్యూబుల కోసం సిమెంటు ఎక్కువేసి విడిగా కలిపిన మాలు తెస్తారు. వద్దను. రోడ్డు మీద పడుతున్న మాలే తీసి, 150 మి.మీ. అచ్చులో మూడు పొరలుగా, పొరకు 35 పోట్లు పొడిపించి, తడి మీదే తేదీ, నీ గుర్తు గీయి. ఎం-బుక్కు అక్కడికక్కడే సిరాతో రాయి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది వేసి, పొట్టి సంతకం, తేదీ పెట్టు. ఖాళీ పేజీ మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టొద్దు. "తర్వాత నింపుకుందాం లెండి మేడమ్" అన్న మాటకే చాలామంది ఇరుక్కుపోతారు.

కాంట్రాక్టరు అడిగితే "కొలిచిందే రాస్తానండీ" అను, అంతే. "నేను క్రిస్టియన్‌ని, అబద్ధం రాయను" అనకు. అలా అంటే నిజం రాయడం మనవాళ్ల ఆచారం ఒక్కటే అన్నట్టు వినిపిస్తుంది, అదే ఆఫీసులో గుడికి వెళ్లే నిజాయితీపరులను అవమానించినట్టవుతుంది. ఎందుకిలా ఉంటావని నిజంగా తెలుసుకోవాలని ఎవరైనా అడిగిన రోజున యేసు పేరు దాచకు. 1 పేతురు 3:15 జవాబు చెప్పమన్నది అడిగినవాళ్లకు, అదీ సాత్వికంతో. సైటులో కూలీలకు కరపత్రాలు పంచొద్దు. తన కూలి నీ చేతిలో ఉందనుకునే మనిషి నీకు వద్దని చెప్పలేడు.

భూమిపూజ దగ్గర మర్యాదగా నిలబడు. కొబ్బరికాయ నిన్నే కొట్టమంటే "మేస్త్రీ గారితో కొట్టించండి" అని నవ్వుతూ చెప్పు. ప్రసాదం సంగతి 1 కొరింథీయులకు 10:25-29 చదివి నీ మనస్సాక్షితో తేల్చుకో. వద్దనుకుంటే చేతులు జోడించు చాలు, విగ్రహాల మీద ప్రసంగం వద్దు.

నీ పైఅధికారి డీఈ గారే 150 రాయమంటే నలుగురిలో ఎదురు చెప్పకు. మత్తయి 18:15లో ఉన్నట్టు ఒంటరిగా కలువు. "సార్, 120 వచ్చింది. మీరు చెక్ మెజర్‌మెంట్‌కు వచ్చి మళ్లీ కొలిస్తే టేపు నేనే పట్టుకుంటాను" అను. అయినా పట్టుబడితే రాసి ఇవ్వమని వినయంగా అడుగు. చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే దూరపు మండలానికి బదిలీ రావచ్చు. దేవుడు ఆ బదిలీ ఆపుతాడని నీకు మాట ఇవ్వలేను. ఎక్కడికి వేసినా నీతో వస్తాడని మాత్రం ఇవ్వగలను. ఎవరైనా కవరు బల్ల మీద పెడితే ముట్టుకోకు. ఇంకొకరిని లోపలికి పిలిచి, వాళ్ల ఎదుటే తీసుకెళ్లమను. వదలకపోతే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబరు 1064.

నా భయమంతా మన చర్చి వైపు నుంచే. క్రిస్మస్‌కు కాంట్రాక్టర్ల నుంచి కేకు పెట్టెలు వస్తాయి. ఆ తర్వాత "మేడమ్ పేరు మీద ప్రహరీ గోడకు 20 బస్తాలు" అంటారు. సంఘ పెద్దలు సంతోషపడతారు, నీకూ కాదనడం కష్టమవుతుంది. ఒప్పుకోకు తల్లీ, ఆ 20 బస్తాలు ఆ 72లోవే. బలి అర్పించడానికి కళ్లం యజమాని అరౌనా ఊరికే ఇస్తానన్నా దావీదు రాజు 50 తులాల వెండి ఇచ్చి కళ్లం, ఎడ్లు కొన్నాడు (2 సమూయేలు 24). ఖర్చు లేని బలి వద్దనుకున్నాడు. నీ పని జరిగే చోట ఏ కాంట్రాక్టరునూ చందా అడగొద్దని పాస్టరు గారికి ఇప్పుడే, ఎవరూ అడగకముందే చెప్పు.

భయం వేస్తుంది, తప్పేం లేదు. రాజు ప్రశ్న వేసినప్పుడు మిగుల భయపడ్డానని బైబిల్లో నెహెమ్యా తనే రాసుకున్నాడు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య దొరికిన క్షణంలోనే ప్రార్థన చేశాడు, మోకాళ్లూనే వ్యవధి లేదు. టేపు చదివి పెన్ను తీసేలోపు నీకూ అంత వ్యవధి ఉంటుంది.

ఆదివారం పోత పడితే తెల్లవారుజాము ఆరాధనకు వెళ్లి రా. మొదలైన పోత మధ్యలో మాత్రం వదిలి వెళ్లకు. 30 మీటర్ల స్టీలు టేపు కొరియర్‌లో పంపుతున్నాను. గుడ్డ టేపు సాగుతుంది, దాంతో కొలవకు.

ప్రార్థనలతో,
మీ నాన్న