వాట్సాప్ కోడ్ మోసాలపై సచివాలయాలు కదలాలి

సంపాదకుల వారికి,

మా కావలి చుట్టుపక్కల రొయ్యల రైతులు కౌంటు ధర మొదలు మేత బాకీల దాకా వాట్సాప్ గ్రూపుల్లోనే మాట్లాడుకుంటారు కనుక, ‘అన్నా, నా కోడ్ పొరపాటున నీ నంబరుకు వచ్చింది, కాస్త పంపు’ అని తెలిసినవారి పేరుతో సందేశం రాగానే పంపేస్తున్నారు. నిజానికి వాట్సాప్ పంపే ఆ 6 అంకెలు మన వాట్సాప్ ఖాతాకే తాళంచెవి. చేజారితే మన పేరుతోనే బంధువులను అప్పు అడుగుతారు. వెంటనే మన నంబరుతో మళ్లీ నమోదైతే మోసగాడు బయటికి పోతాడు గానీ, అతడు ముందే వాట్సాప్ సెట్టింగుల్లో రెండో తాళం లాంటి పిన్ (టూ-స్టెప్ వెరిఫికేషన్) పెట్టి ఉంటే మనం లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగక తప్పదు. ఆ పిన్ ఏదో మనమే ముందుగా పెట్టుకోవచ్చు, కానీ సెట్టింగుల జోలికి వెళ్లేదెవరు? పింఛను ఇవ్వడానికి నెలనెలా ఇంటికి వచ్చే సచివాలయ సిబ్బంది వృద్ధుల చేతనే దాన్ని పెట్టించి, డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలని చెప్పేలా జిల్లా అధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా